మా ఊరి పాత చర్చి ఎప్పటిదో తెలుసుకునే దారి చెప్పండి

భీమునిపట్నం దగ్గర మా ఊళ్లో ఒక పాత కతోలిక చర్చి ఉంది. శిలాఫలకం లేదు. పెద్దవాళ్లను అడిగితే "దొరల కాలం నాటిది" అంటారు. ఆ మాటలో ఏ సంవత్సరమైనా ఇమిడిపోతుంది! 1846లో ఇప్పటి ఫ్రాన్స్‌లోని అన్సీ నుంచి సెయింట్ ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ గురువులు విశాఖకు వచ్చారు, 1886లో మేత్రాసనం (బిషప్ పాలన కింది ప్రాంతం) ఏర్పడింది. మా చర్చి ఈ రెండింటికీ ముందుదా, తర్వాతదా?

కప్పు మద్రాస్ టెర్రస్: టేకు దూలాల మీద ఇటుకలను నిలువుగా, ఐమూలగా పేర్చి సున్నంతో బిగించారు. బలిపీఠం వెనక పెచ్చు ఊడిన చోట గారలో గవ్వ ముక్కలు కనిపిస్తున్నాయి. వీటిని బట్టి కాలం అంచనా వేయవచ్చా? పాత జ్ఞానస్నాన రిజిస్టర్లు విచారణలోనే (స్థానిక పారిష్‌లోనే) ఉంటాయా, మేత్రాసన కార్యాలయానికి వెళతాయా? మాలాంటివాళ్లకు చూపిస్తారా?

అసలు తొందర వేరే ఉంది. పండుగలోపు పాత గార గీకేసి సిమెంటు పూయాలని కమిటీ పట్టుబడుతోంది. సున్నపు గోడ చెమ్మను బయటికి వదులుతుంది, సిమెంటు లోపలే బంధిస్తుంది అని చెప్పి చూశాను. "సున్నం పని చేసే మేస్త్రీని తీసుకురా" అన్నారు. న్యాయమే. విశాఖ, విజయనగరం వైపు అలాంటి మేస్త్రీలు ఎవరైనా ఉన్నారా?