అప్‌డేట్: పాపకి మాటిమాటికీ జలుబు, అసలు కారణం తెలిసింది

నాలుగేళ్ల మా పాపకి నెల తిరక్కుండానే జలుబు, జ్వరం వస్తున్నాయని, ఇమ్యూనిటీకి ఏం పెట్టాలని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. ‘ముందు రక్తపరీక్ష చేయించండి’ అన్న మాటే పనికొచ్చింది.

ఇక్కడ గుంటూరులోనే పిల్లల డాక్టర్‌కి చూపించాం. హిమోగ్లోబిన్ 9.2. ఈ వయసుకి కనీసం 11 ఉండాలట. ఐరన్ నిల్వలు చూపించే ఫెర్రిటిన్ కూడా బాగా తక్కువ. ఐరన్ తగ్గితే రోగాలను తట్టుకునే శక్తీ తగ్గుతుందన్నారు. పాప అన్నం ముట్టకుండా రోజంతా పాలతోనే గడిపేసేది. పాలలో ఐరన్ నామమాత్రం, పైగా తిండిలో ఉన్నదాన్నీ ఒంటికి సరిగా పట్టనివ్వవు.

పాలు తగ్గించి ఐరన్ సిరప్ రాశారు. దాన్ని పాలతో కలిపి ఇవ్వకూడదు. మలం నల్లగా వస్తే టెన్షన్ పడకండి, సిరప్ వల్లే. కానీ డాక్టర్ చెప్పకుండా మీరే కొని వేయొద్దు, ఐరన్ ఎక్కువైతే పిల్లలకి చాలా ప్రమాదం. తోటకూర పప్పులో నిమ్మకాయ పిండి, పక్కన జామ ముక్కలు పెడుతున్నాను. విటమిన్ సి ఉంటే ఐరన్ బాగా పడుతుంది.

తిప్పతీగ కషాయం, చ్యవనప్రాశ మాకు అవసరం పడలేదు. బడికెళ్లే చిన్నపిల్లలకి ఏడాదికి 6-8 సార్లు జలుబు మామూలేనట.

ఇప్పుడు హిమోగ్లోబిన్ 11.3. జలుబులు తగ్గాయి. నిల్వలు నిండేదాకా సిరప్ ఆపొద్దన్నారు, వేస్తున్నాం.