అడవి మంటల్లో ఫోన్లన్నీ పోతే సాయానికి ఎవరిని పిలవాలి? (హే రివర్, కెనడా)

కరీంనగర్_అక్క:
మా తమ్ముడికి కెనడాలో హే రివర్ అనే ఊళ్ళో ఫార్మసీలో ఉద్యోగం వచ్చింది. నార్త్‌వెస్ట్ టెరిటరీస్‌లో, గ్రేట్ స్లేవ్ సరస్సు ఒడ్డున. వచ్చే నెల భార్యతో, చంటిపిల్లతో వెళ్తున్నాడు. 2023 ఆగస్టులో అడవి అంటుకుని ఊరంతా ఖాళీ చేయించారని, సరిగ్గా అప్పుడే ఫోన్లు, నెట్టు పోయాయని చదివిన దగ్గర్నుంచి ఒకటే టెన్షన్. అక్కడి ఎమర్జెన్సీ నంబరు 911కి కూడా కాల్ వెళ్ళకపోతే మనిషి ఏం చెయ్యాలండీ? వాడేమో "ఏం కాదులే అక్కా" అంటున్నాడు.

ఉత్తరపు_గాలి:
ఆ టెరిటరీస్ రాజధాని ఎల్లోనైఫ్‌లో ఉండేవాణ్ణి, ఆ ఏడాది మేమూ ఇల్లు వదిలి వచ్చినవాళ్ళమే. మీరు చదివింది నిజం. ఆగస్టు 13న హే రివర్‌ని ఖాళీ చెయ్యమన్నారు, గాలికి మంట ఎంత వేగంగా వచ్చిందంటే పక్కనున్న ఎంటర్‌ప్రైజ్ అనే చిన్న ఊరు దాదాపు మొత్తం కాలిపోయింది. అక్కడ ఫైబర్ లైను కాలిందంటే టవర్ నిక్షేపంగా నిలబడి ఉన్నా సెల్లు, నెట్టు, కార్డు మెషీన్లు ఒకేసారి పోతాయి. అందుకే ఇంట్లో నగదు ఉంచుకోవాలి, ఎండాకాలమంతా బండిలో సగం ట్యాంకుకి తగ్గనివ్వకూడదు. దక్షిణాన హై లెవెల్ అనే ఊరు చేరాలంటే 300 కిలోమీటర్లు, దారిలో బంకు తెరిచి ఉంటుందన్న నమ్మకం లేదు.

ఫోన్ పోయాక 911కి పదేపదే డయల్ చేస్తూ కూర్చోవద్దని గట్టిగా చెప్పండి. బండెక్కి నేరుగా ఫైర్ హాల్‌కో పోలీస్ స్టేషన్‌కో వెళ్ళిపోవాలి, వాళ్ళకి సొంత రేడియోలు ఉంటాయి. కారు రేడియోలో సీబీసీ (కెనడా ప్రభుత్వ రేడియో) పెట్టుకోవాలి. వెళ్ళిన మొదటి వారంలోనే ఇరుగుపొరుగుతో పరిచయం చేసుకోవాలి, ఫోన్లు లేని రాత్రి తలుపు కొట్టి లేపేది వాళ్ళే.

రేడియో_పిచ్చి:
ఐఫోన్ 14, ఆ తర్వాతి మోడళ్ళలో శాటిలైట్ ద్వారా ఎమర్జెన్సీ మెసేజ్ వెళ్తుంది. కానీ 62 డిగ్రీల అక్షాంశానికి పైన పనిచెయ్యకపోవచ్చని ఆపిల్ వాళ్ళే చెప్తున్నారు. హే రివర్ 61కి కాస్త కింద ఉంది, ఎల్లోనైఫ్ 62 దాటేసింది. కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు. గార్మిన్ ఇన్‌రీచ్ అని, శాటిలైట్ ద్వారా మెసేజ్‌లు పంపే చిన్న పరికరం ఉంటుంది, అది కొనుక్కోమనండి. అది వాడేది ఇరిడియం ఉపగ్రహాలు, ధ్రువాల మీదుగా తిరుగుతాయి కాబట్టి అక్కడ కూడా అందుతాయి. చందా కట్టాలి, ఆరుబయట ఆకాశం కనపడేచోట వాడాలి. ఎస్‌ఓఎస్ నొక్కితే రాత్రీపగలూ నడిచే కేంద్రానికి చేరుతుంది, వాళ్ళు స్థానిక రెస్క్యూ వాళ్ళకి చెప్తారు, మనతోనూ మెసేజ్‌ల్లో మాట్లాడతారు.

అయితే బటన్ నొక్కేసి ఇంట్లో కూర్చుంటే హెలికాప్టర్ వచ్చేస్తుందనుకోకూడదు, దట్టమైన పొగలో అవి ఎగరలేవు. వెళ్ళమన్నప్పుడు వెళ్ళిపోవాల్సిందే. ఇన్‌రీచ్ ఉన్నది మనం దారిలో చిక్కుకుపోతే వాడటానికి, "బయల్దేరాం" అని మీకు కబురు పెట్టడానికి.

కరీంనగర్_అక్క:
చాలా థాంక్సండీ, ఇద్దరికీ. ఇంట్లో స్టార్‌లింక్ (శాటిలైట్ ఇంటర్నెట్) పెట్టించుకుంటే సరిపోదా? వాడి నుంచి కబురు రాకపోతే మేం ఇక్కణ్ణుంచి ఎవర్ని అడగాలి?

ఉత్తరపు_గాలి:
స్టార్‌లింక్ మంచిదే, ఊళ్ళో ఫైబర్‌తో పని లేదు. కరెంటు పోతే మాత్రం అదీ ఆగుతుంది, బ్యాటరీయో జనరేటరో ఉండాలి. దాని మీద వైఫై కాలింగ్ వాడితే ఎమర్జెన్సీ అడ్రస్ (911కి కాల్ చేస్తే వాళ్ళకి కనపడే చిరునామా) హే రివర్‌కి మార్చుకోమనండి, చాలామంది పాత అడ్రస్ అలాగే వదిలేస్తారు.

కబురు కోసం దక్షిణాన ఉన్న పెద్ద నగరం ఎడ్మంటన్‌లో నమ్మకస్తుడైన ఒక్క స్నేహితుణ్ణి అనుకోండి. మీవాడు ఆయనకి చెప్తే చాలు, ఆయన మీ అందరికీ చెప్తాడు. ఊళ్ళోంచి వచ్చినవాళ్ళు ఆశ్రయ కేంద్రంలో పేర్లు రాయించుకోవాలి, వెతికేవాళ్ళకి ఆ లిస్టే ఆధారం. ఒక పూటంతా కబురు లేకపోయినా కంగారు పడకండి అక్కా, ఎడ్మంటన్ దాకా వెయ్యి కిలోమీటర్ల పైనే, ఆ రోడ్డు మీద చాలాచోట్ల మామూలు రోజుల్లోనే సిగ్నల్ ఉండదు.

రేడియో_పిచ్చి:
ఇంకొకటి. ఇండియా వచ్చేటప్పుడు ఆ ఇన్‌రీచ్‌ని అక్కడే వదిలి రమ్మనండి. అనుమతి లేని శాటిలైట్ పరికరాలు మన దగ్గర చట్టవిరుద్ధం, ఎయిర్‌పోర్టులో పట్టుకుని కేసులు పెట్టిన సందర్భాలున్నాయి.