పెరట్లో చిన్న నెగడు గూడు: పాత ఇటుకలతో కట్టాలా, వాషింగ్ మెషిన్ డ్రమ్ము వాడాలా?

పెరటిగుమ్మం (విజయనగరం):
మా పాత పెంకుటిల్లు విప్పించినప్పుడు మిగిలిన ఇటుకలు సుమారు 60, నాటు పెంకులు ఒక గుట్ట, కొన్ని కిటికీ ఊచలు పెరట్లో పడి ఉన్నాయి. పాత ఇనుప సామాన్ల కొట్లో కొన్న వాషింగ్ మెషిన్ డ్రమ్ము కూడా ఒకటి ఉంది. ధనుర్మాసంలో మా నాన్నగారు తెల్లవారకముందే లేచి, చితుకులు పోగేసి, నేల మీదనే మంట వేసుకుని చలి కాచుకుంటారు. కిందటేడాది గాలికి మంట ఇటు తిరిగి ఆయన దుప్పటి అంచు జానెడు మేర కాలిపోయింది. అందుచేత కొత్తగా ఏమీ కొనకుండా, మోకాలి ఎత్తున, మూడు వైపులా మూసి ఉండే చిన్న గూడు కట్టాలనుకుంటున్నాను. దీనికి సిమెంటు వాడవచ్చా? అడుగు చిల్లిపడిన జింకు పూత బకెట్టు, అమ్మమ్మ నాటి బుడితి ఇత్తడి గుండిగ కూడా ఇంట్లో ఉన్నాయి. అవి ఏమైనా పనికి వస్తాయా?

ఆమదాలవలస నుంచి:
డ్రమ్మే సులువు. అది స్టెయిన్‌లెస్ స్టీలు కనుక త్వరగా తుప్పు పట్టదు, చిల్లులన్నిటి గుండా గాలి ఆడుతుంది కనుక మంట బాగా అందుకుంటుంది. అయితే లోపలి ప్లాస్టిక్ రెక్కలను, వెనుక ఉండే అల్యూమినియం చట్రాన్ని ముందుగా విప్పేయండి. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది, నిప్పుల్లో ఆ వేడి రావడం పెద్ద పనేమీ కాదు. బకెట్టు జోలికి మాత్రం వెళ్లకండి. నేను ఒకసారి అలాంటి దానిలోనే మంట వేశాను. గంట తిరగకుండానే అడుగున పూత పొలుసులుగా లేచి, అతుకు విడిపోయి, నిప్పులన్నీ గచ్చు మీద పడ్డాయి. జింకు 420 డిగ్రీలకు కరుగుతుంది, వేడి ఇంకా పెరిగితే ఆవిరవుతుంది. ఆ పొగ పీల్చినవారికి కొన్ని గంటల తరువాత జ్వరం, వణుకు వస్తాయి. ఇక గుండిగ సంగతి: లోపలి కళాయి తగరం, 232 డిగ్రీలకే కారిపోతుంది. అయినా బుడితి ఇత్తడిని నిప్పుల కుంపటి చేయడానికి మీకు మనసెలా ఒప్పుతుందో నాకు అర్థం కాలేదు.

చంపావతి ఒడ్డు (గజపతినగరం):
డ్రమ్ము సులువే కాని, పెద్దాయన అవసరానికి అది తగదని నా అభిప్రాయం. నాలుగు వైపులా చిల్లులున్న పాత్రలోంచి నిప్పురవ్వలు కూడా నాలుగు వైపులా ఎగురుతాయి, వేడి కూడా అలాగే చెదిరిపోతుంది. ఇటుక గూడైతే వెనుక గోడ వేడెక్కి, ఆ వేడిని ఎదురుగా కూర్చున్న మనిషి మీదికే పంపుతుంది. మంట ఆరాక కూడా కొంతసేపు వెచ్చగా ఉంటుంది.

మీ ఇటుకలు 9 అంగుళాల పొడవు, 3 అంగుళాల మందం ఉన్నవని అనుకుని చెబుతున్నాను. అడుగున ఒక వరస పరిచి, దాని మీద ఒకటిన్నర ఇటుక వెడల్పు, అంటే 13.5 అంగుళాల నోరు వదిలి, మూడు వైపులా 5 వరసలు కట్టండి. పైన కిటికీ ఊచలు అడ్డంగా వేసి, నడుమ పొగదారి విడిచి, ఇటుకలతో మూయండి. నోటి వైశాల్యంలో సుమారు పదో వంతు పొగదారి ఉండాలన్నది పాత లెక్క; మీ నోరు రమారమి 200 చదరపు అంగుళాలు కనుక పొగదారి 20 చదరపు అంగుళాలు, అంటే 5 అంగుళాల వ్యాసం ఉండాలి. ఆ మేరకు దారి ఉండేలా అడుగు కొట్టేసిన మట్టికుండలు రెండు ఒకదానిపై ఒకటి బోర్లిస్తే అదే పొగగొట్టం. ఒక్క కుండతో సరిపెట్టకండి, గొట్టం ఎత్తు పెరిగిన కొద్దీ లాగుడు పెరుగుతుంది.

సిమెంటు వద్దు. దాదాపు 450 డిగ్రీల దగ్గర గట్టిపడిన సిమెంటులోని సున్నం నీటిని కోల్పోయి పొడిపొడి అవుతుంది. పుట్టమన్నులో ఇసుక, ఊక కలిపి, ఒక రాత్రి నాననిచ్చి, మన అమ్మమ్మలు పొయ్యి వేసినట్టే వేయండి. వారం పాటు నీడన ఆరాక, మొదటి రెండు రోజులు గుప్పెడు చితుకులతోనే మంట వేయండి. ఏటి గులకరాళ్లను అలంకారానికైనా లోపల పెట్టవద్దు. వాటిలో ఇంకిన నీరు ఆవిరై రాయి పేలుతుంది. పాత సిమెంటు రేకు ముక్కలు అంతకన్నా ప్రమాదం, అవి పగిలి చిట్లడమే కాక ఆస్‌బెస్టాస్ పీచును గాలిలోకి వదులుతాయి.

శీతాకాలంలో మనకు గాలి ఎక్కువగా ఉత్తరం, ఈశాన్యం నుంచి వీస్తుంది కనుక వీపు అటు పెట్టి, నోరు దక్షిణానికి తిప్పండి. దక్షిణం దిక్కుగా నిప్పేమిటని ఇంట్లో ఎవరైనా అంటే, ఇది వంటపొయ్యి కాదని చెప్పుకోవాలి మరి.

ఉద్దానం వాసి:
కట్టడం సంగతి పైవారు చెప్పారు, నేను వంటచెరకు గురించి మాత్రం చెబుతాను. ఎండిన సరుగుడు, మామిడి కొమ్మలు, కొబ్బరి చిప్పలు మంచివి. పలాస, కాశీబుగ్గ వైపు జీడిపిక్కల తొక్కు చవకగా దొరుకుతుంది, భగ్గున మండుతుంది కూడా. కాని చేతికి తగిలితేనే పొక్కించే జీడి అందులో ఉంటుంది కనుక ఆ పొగ కళ్లను, గొంతును మండిస్తుంది. పెద్దవారి ముందు దానిని అసలు వేయకండి. రంగు వేసిన తలుపు చెక్కలు, ప్లైవుడ్డు, గన్నేరు కొమ్మలు కూడా వద్దు. చలి ఎక్కువగా ఉందని నిప్పులను తట్టలోకి ఎత్తి, తలుపులు మూసిన గదిలో పెట్టుకునే అలవాటు మీ నాన్నగారికి ఉంటే ఈ రోజే మాన్పించండి. ఆ నిప్పుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

పెరటిగుమ్మం (విజయనగరం):
పుట్టమన్నుతోనే కట్టాను, ఇటుకలు ఇంకా పది మిగిలాయి. కాని మొదటిసారి గట్టిగా మంట వేయగానే పొగలో సగం ముందుకే వచ్చి, నాన్నగారు తుండు ముక్కుకు అడ్డం పెట్టుకుని లేచి వెళ్లిపోయారు. కుండలు రెండూ పెట్టాను, దారిలో అడ్డేమీ లేదు. ఎక్కడ తప్పు జరిగింది?

చంపావతి ఒడ్డు (గజపతినగరం):
గొట్టం పొట్టిగా ఉన్నప్పుడు లెక్క ప్రకారం కట్టినా నోరు పెద్దదవుతుంది. నోటి పై అంచున 3 అంగుళాల మేర పెంకులు అడ్డం పెట్టి, మట్టితో అతికి చూడండి. మంటను కూడా ముందు అంచున కాక వెనుక గోడకు ఆనించి వేయండి.

పెరటిగుమ్మం (విజయనగరం):
రెండు పెంకులు అడ్డం పెట్టాను. ఈ ఉదయం పొగ కుండల్లోంచే పైకి వెళ్లింది. వెనుక గోడ మట్టిలో వెంట్రుకవాసి పగులు ఒకటి కనిపించింది, పేడ కలిపిన మట్టితో అలికేశాను. నాన్నగారు డ్రమ్మును బోర్లించి, దానినే పీటగా వేసుకుని కూర్చుంటున్నారు.