యాక్సెప్ట్ అయితే ఒక క్లిక్, మార్చాలంటే కామెంటు: ఆటో కోడింగ్ వచ్చాక నిర్ణయం ఎవరిది?

చార్ట్ చెల్లి
నమస్తే అందరికీ. యూఎస్ హెల్త్‌కేర్ బ్యాక్ ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారని అడుగుతున్నాను. నేను హైదరాబాద్‌లో మెడికల్ కోడర్‌ని, అంటే డాక్టరు నోట్ చదివి జబ్బులకీ చికిత్సకీ బిల్లింగ్ కోడ్‌లు వేసే పని. మా ప్రాజెక్టులో ఇప్పుడు చార్ట్ (పేషెంటు ఫైలు) తెరిచేసరికే ఏఐ కోడ్‌లు పెట్టేసి ఉంటున్నాయి. చూసి ఓకే అనాలి, లేదంటే మార్చాలి. ఓకే అంటే ఒక్క క్లిక్. మార్చాలంటే కారణం ఎంచుకోవాలి, కామెంట్ రాయాలి, డాక్టరు నోట్‌లో ఏ లైను చూసి మార్చామో హైలైట్ చేయాలి. వారం చివర ఎవరెన్ని మార్చారో రిపోర్టు లీడ్‌కి పోతుంది. ఎక్కువ మార్చినవాళ్లని పిలుస్తారు. ఒక్కటీ మార్చనివాళ్లని ఎవరూ ఏమీ అడగరు. "సగం పని మెషీనే చేస్తోంది కదా" అని టార్గెట్ మాత్రం పెంచారు.

ఒక ఉదాహరణ చెప్తాను. పేషెంటుకి ఎప్పుడో బ్రెస్ట్ క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్ అయింది, ట్రీట్‌మెంట్ పూర్తయింది, ఇప్పుడు దానికి మందులేవీ వాడట్లేదు. మోకాలి నొప్పని వచ్చింది. నోట్‌లో బ్రెస్ట్ క్యాన్సర్ అన్న మాట కనబడిందో లేదో మా టూల్ సీ50 పెట్టేసింది. అంటే ఇప్పుడు క్యాన్సర్ ఉన్నట్టు. పెట్టాల్సింది జెడ్85.3, గతంలో ఉండేదని. కోడింగ్ క్లాసుల్లో మొదట్లోనే చెప్పే పాఠం ఇది. మార్చాను, కామెంట్ రాశాను. తర్వాత ఇంకో చార్ట్‌లోనూ అదే, మళ్లీ అదే కామెంట్. పక్క సీటు అమ్మాయి అంది, "ఎందుకే ఇంత కష్టం, సిస్టమ్ పెట్టిందే కదా, పోనియ్" అని.

పోనివ్వచ్చు. కానీ ఫైనల్ కోడ్ పక్కన ఉండేది నా ఐడీ. ఆడిట్‌లో తప్పు తేలితే నా ఖాతాలోనే పడుతుంది. మీ దగ్గర ఎలా ఉంది?

పెడల్ మాష్టారు
మాకిది పాత కథేనమ్మా. 2000ల మొదట్లో మెడికల్ ట్రాన్‌స్క్రిప్షన్‌లో ఉన్నాను. చెవికి హెడ్‌ఫోన్, కాలి కింద పెడల్. అమెరికా డాక్టరు తింటూ మాట్లాడినా, కార్లో మాట్లాడినా విని టైప్ చేయాలి. స్పేసులతో కలిపి 65 అక్షరాలు ఒక లైను, లైనుకింత అని డబ్బులు. తర్వాత స్పీచ్ రికగ్నిషన్ వచ్చింది. డ్రాఫ్ట్ మెషీన్ ఇస్తుంది, మీరు ఎడిట్ చేయండి అన్నారు. ఎడిటింగ్ తేలిక కాబట్టి లైను రేటు సగానికి దిగింది.

తేలిక అన్నది ఎడిట్ చేయనివాళ్ల అభిప్రాయం. సొంతంగా టైప్ చేసేటప్పుడు చెవి పనిచేస్తుంది. ఎదురుగా డ్రాఫ్ట్ ఉంటే కన్ను చదివేస్తుంది, చెవి దానికి తల ఊపేస్తుంది. "నో ఎవిడెన్స్ ఆఫ్ ఫ్రాక్చర్"లో ఆ నో ఎగిరిపోయి ఉంటుంది. వాక్యం చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది, గ్రామర్ తప్పు ఉండదు. తెల్లవారుజామున మూడింటికి దాన్ని పట్టుకోవడం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుసు. హైపర్‌టెన్షన్ (బీపీ ఎక్కువ), హైపోటెన్షన్ (బీపీ తక్కువ) తారుమారయ్యే సంగతి సరేసరి. పాత టైపిస్టు తప్పు కొడితే స్పెల్లింగ్ చూసి అనుమానం వచ్చేది. మెషీన్ తప్పుకి ఆ గుర్తు కూడా ఉండదు.

ఇప్పుడైతే డాక్టరూ పేషెంటూ మాట్లాడుకుంటుంటేనే విని నోట్ రాసే టూల్స్ వచ్చేశాయి. నోట్ ఒక మెషీన్‌ది, దాన్ని చదివి కోడ్ పెట్టేది ఇంకో మెషీన్. మధ్యలో మీ ఐడీ.

అమీర్‌పేట ఫ్రెషర్
అన్నలూ అక్కలూ, బీఫార్మసీ అయిపోయింది. సీపీసీ (మెడికల్ కోడర్ సర్టిఫికెట్ పరీక్ష) కోచింగ్‌లో చేరదామని ఫీజు కట్టబోతున్నా. ఇది చదివాక టెన్షన్ వస్తోంది. కట్టనా, వద్దా?

డల్లాస్ బాబాయి
ఫ్రెషర్ తమ్ముడూ, కాస్త ఆగు, నీ దగ్గరికి వస్తా. ముందు చెల్లి రాసిన సీ50 సంగతి.

నేను ఇక్కడ బిల్లింగ్ వైపు ఉన్నాను. మెడికేర్ అడ్వాంటేజ్ (అమెరికాలో పెద్దవాళ్లకి ప్రభుత్వ డబ్బుతో ప్రైవేటు కంపెనీలు నడిపే ఇన్సూరెన్స్)లో పేషెంటుకి జబ్బులు ఎక్కువుంటే ప్లాన్‌కి ప్రభుత్వం ఇచ్చే డబ్బు పెరుగుతుంది. నయమైపోయిన క్యాన్సర్‌ని ఉన్న క్యాన్సర్‌గా కోడ్ చేస్తే, ఆ మనిషి పేరు మీద రాకూడని డబ్బు వస్తుంది. ప్రభుత్వం ఆడిట్ చేసి వెనక్కి లాగుతుంది. తెలిసీ చేశారని తేలితే ఫాల్స్ క్లెయిమ్స్ యాక్ట్ కింద కేసు. కాబట్టి "పోనియ్" అనే సలహా వినకు.

నేను గమనించింది ఒకటుంది. టూల్ తప్పు వల్ల డబ్బు తక్కువ వస్తోందనుకోండి, వారం తిరక్కుండా సరిచేస్తారు. ఎక్కువ వస్తుంటే ఆ టికెట్ "అండర్ రివ్యూ"లో పడి ఉంటుంది. మెషీన్‌కి పక్షపాతం లేదంటారు. ఏ తప్పుని ముందు దిద్దాలో తేల్చేది మనుషులే కదా.

కోడ్ రాసేవాణ్ణి
అవతలి పక్షం వాణ్ణి. ఇలాంటి టూల్స్ తయారుచేసే టీమ్‌లోనే పనిచేస్తాను, తిట్లకు సిద్ధపడే వచ్చాను.

మొదటి విషయం, మనుషులు తప్పులు చేయనట్టు మాట్లాడుకోవద్దు. షిఫ్ట్ చివర్లో వేసిన కోడ్‌లకీ మొదట్లో వేసిన కోడ్‌లకీ తేడా ఏ ఆడిటర్‌ని అడిగినా చెప్తారు. మెషీన్‌కి నిద్ర రాదు. రెండోది, ఇది రోజురోజుకీ మెరుగవుతోంది. ఇదివరకు అవుట్‌పేషెంట్ నోట్‌లో "రూల్ అవుట్ న్యుమోనియా" (న్యుమోనియా అనుమానం, కాదని తేల్చుకోవాలి) అని ఉంటే న్యుమోనియా కోడే పెట్టేసేది. ఇప్పుడు అనుమానాన్ని వదిలేసి దగ్గు కోడ్ పెడుతోంది, గైడ్‌లైన్ చెప్పినట్టే. అది ఎలా నేర్చుకుందంటారు? మీలాంటివాళ్లు రాసిన కామెంట్ల నుంచే. అందుకే కారణం అడుగుతాం. అది మిమ్మల్ని వేధించడానికి పెట్టింది కాదు.

చార్ట్ చెల్లి
@కోడ్ రాసేవాణ్ణి కామెంట్ రాయడానికి నాకేం ఇబ్బంది లేదండి. మీ మెషీన్‌కి పాఠం చెప్తున్నానంటే ఆ టైమ్ టార్గెట్‌లోంచి తీసేయాలి కదా. ఇప్పుడు లెక్క ఎలా ఉందంటే, నేను ఒప్పుకుంటే ఉచితం, కాదంటే నా జేబులోంచి.

కోడ్ రాసేవాణ్ణి
ఆ రిపోర్టు మేం అడిగింది కాదు మేడమ్. మాకు కావాల్సింది ఎక్కడ మార్చారన్నది, ఎవరు మార్చారన్నది కాదు. దాన్ని మనిషి పేరు మీద పెట్టింది మీ ఆపరేషన్స్ వాళ్లు. అయితే స్క్రీన్ మీద ఓకే బటన్ పెద్దగా ఆకుపచ్చగా పెట్టి, మార్చే దారిని మెనూలో దాచింది మేమే. ఆ మాట నిజం.

నైట్‌షిఫ్ట్ రాణి
ఏఆర్ కాలర్‌ని. క్లెయిమ్ డినై అయితే, అంటే డబ్బు ఇవ్వమంటే, ఇన్సూరెన్స్‌కి ఫోన్ చేసి ఎందుకని అడిగేది మేమే. "మెడికల్‌గా అవసరం లేదు" అని లెటర్ వస్తుంది. చూసిందెవరు, ఏ కాగితం చూశారు అని అడిగితే అటు రిప్రజెంటేటివ్‌కీ తెలీదు. ఆమె స్క్రీన్ మీద కనబడేదీ ఆ ఒక్క ముక్కే.

ప్రోపబ్లికా అనే అమెరికా వార్తా సంస్థ 2023లో సిగ్నా అనే ఇన్సూరెన్స్ కంపెనీ గురించి రాసింది గుర్తుందా? 2022లో రెండు నెలల్లో 3 లక్షలకు పైగా క్లెయిములు కంపెనీ డాక్టర్ల సంతకంతో డినై అయ్యాయి. ఒక్కోదానికి సగటున పట్టింది 1.2 సెకన్లు. కథనం ఏకపక్షంగా ఉందని కంపెనీ అంది. అందులో వాడింది ఇప్పటి ఏఐ కూడా కాదు, జబ్బు కోడ్‌నీ చేసిన టెస్టునీ పోల్చి చూసే ప్రోగ్రామ్. అయినా సంతకం చేసేది డాక్టరే. కాగితం మీద చూస్తే నిర్ణయం మనిషిదే!

తర్వాత కాలిఫోర్నియాలో చట్టం వచ్చింది. మెడికల్ అవసరం లేదని ఏఐ ఒక్కటే డినై చేయకూడదు, లైసెన్స్ ఉన్న డాక్టరో నిపుణుడో చూసి తేల్చాలి. 2025 జనవరి నుంచి అమల్లో ఉంది. మంచిదే. కానీ ఆ చూడ్డానికి ఎంతసేపు ఇస్తారో?

రేడియో డాక్టర్
రేడియాలజిస్టుని. ఆ ఎంతసేపు అన్నదాని దగ్గరే నాదీ ఒక మాట.

ఏఐ శాస్త్రవేత్త జెఫ్రీ హింటన్ 2016లో, ఇక రేడియాలజిస్టులకు ట్రైనింగ్ ఇవ్వడం ఆపేయండి, ఐదేళ్లలో డీప్ లెర్నింగ్ మనకంటే బాగా చదువుతుంది, పదేళ్లు పడితే పట్టొచ్చు అన్నాడు. ఆయనకి 2024లో ఫిజిక్స్ నోబెల్ వచ్చింది. మాకు పని తగ్గలేదు, స్కాన్‌లు ఇంకా పెరిగాయి. ఉద్యోగం పోతుందన్న భయం నాకు లేదు.

నా భయం వేరు. జర్మనీ వాళ్లు 2023లో ఒక అధ్యయనం వేశారు. 27 మంది రేడియాలజిస్టులకి మామోగ్రామ్‌లు (రొమ్ము ఎక్స్‌రేలు) ఇచ్చి, పక్కన "ఏఐ అంచనా ఇది" అని చూపించారు. కొన్నింటికి కావాలనే తప్పు అంచనా పెట్టారు. అంచనా సరిగ్గా ఉన్నప్పుడు కొత్తవాళ్లూ పాతవాళ్లూ అందరూ 80 శాతం దరిదాపుల్లో కరెక్టుగా చెప్పారు. అంచనా తప్పయినప్పుడు కొత్తవాళ్లు 20 శాతానికి పడిపోయారు. తలపండినవాళ్లు కూడా 82 నుంచి 45 దగ్గరకి దిగారు. వీళ్లెవరికీ ఫిల్మ్ చదవడం రాక కాదు. పక్కన ముందే ఒక జవాబు రాసి ఉంది, అంతే.

పోలండ్‌లో కొలనోస్కోపీ (పెద్దపేగులోకి కెమెరా పంపి చూసే పరీక్ష) డాక్టర్ల మీద ఇంకోటి, 2025లో వచ్చింది. ఏఐ రాకముందు వీళ్లు అడినోమాలు (క్యాన్సర్‌గా మారగల గడ్డలు) పట్టుకున్న పరీక్షలు 28.4 శాతం. ఏఐకి అలవాటుపడ్డాక, అది లేకుండా చేసినప్పుడు 22.4. ఇది ట్రయల్ కాదు, పాత రికార్డులు చూసి వేసిన లెక్క, వేరే కారణాలు కూడా ఉండొచ్చు. అయినా నాకు నిద్ర పట్టనివ్వని అంకె అది.

నేను చేసేది ఒకటే. ముందు ఏఐ మార్కింగ్ ఆఫ్ చేసి ఫిల్మ్ చూస్తాను, నా అభిప్రాయం రాసుకుంటాను, తర్వాతే ఆన్ చేస్తాను. రోజంతా కుదరదు, లోడ్ ఎక్కువున్న రోజు అసలే కుదరదు.

ఓరుగల్లు పిల్లగాడు
టాపిక్ కొంచెం పక్కకు పోతది, ఏమనుకోకండి. మీరంతా స్క్రీన్ ఇవతల ఉన్నోళ్లు. అవతల ఉన్నోళ్ల ముచ్చట చెప్తా.

తెలంగాణల సమగ్ర వేదిక అని ఉంది. బండ్ల రిజిస్ట్రేషన్, ఆస్తులు, ఇట్ల వేరే వేరే శాఖల డేటా తెచ్చి, పేర్లూ అడ్రస్‌లూ పోల్చి ఇవన్నీ ఒక మనిషివేనా అని తేల్చే సాఫ్ట్‌వేర్. పేరు కలిస్తే ఒకరి కారు ఇంకొకరి ఖాతాల పడ్తది. రిక్షా తొక్కినాయన ఇంటికి కారుందని రేషన్ కార్డు పోయినట్టు పేపర్లల్ల వచ్చింది. రద్దయిన కార్డుల మీద కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. దాదాపు 19 లక్షల కార్డులు మళ్లీ ఫీల్డ్‌కి పోయి చూడమని 2022 ఏప్రిల్‌ల కోర్టు చెప్పింది. ఆ జులై నాటికి 2,05,734 అప్లికేషన్లు చూస్తే 15,471 అర్హులవేనని ఒప్పుకున్నరు. శాతంల చూస్తే ఏడున్నర. ఇంటి లెక్కల చూస్తే బియ్యం ఆగిన పదిహేను వేల ఇండ్లు.

నల్లకుంట నాని
అంతకుముందు ఏదో రామరాజ్యం ఉన్నట్టు చెప్తావేంటి బ్రో. మనుషులు తేల్చే రోజుల్లో కార్డు కావాలంటే ఎవరెవరి చేతులు తడపాలో మర్చిపోయావా? దొంగ కార్డులు ఎన్ని ఉండేవి? మెషీన్ లంచం అడగదు.

ఓరుగల్లు పిల్లగాడు
అడగదు, నిజమే. కానీ లంచం తినేటోని మీద కోపమొస్తే కలెక్టర్ దగ్గర ప్రజావాణిల కాగితం పెడ్తం. "సిస్టమ్ తీసుకుంటలేదమ్మా" అన్నంక ఎవరి మీద పెట్టాలె? ఆ మాట చెప్పే ఆపరేటర్‌కి కూడ తెల్వదు ఎందుకు తీసుకుంటలేదో. రాణి మేడమ్ రాసిన ఇన్సూరెన్స్ ఆమె లెక్కనే.

నల్లకుంట నాని
ఇది ఒప్పుకుంటా. కారణం రాసివ్వాలి, ఏ బండి నంబర్ చూసి తీసేశారో చెప్పాలి. అది చెప్తే సగం గొడవ అక్కడే తీరిపోతుంది.

ఆడిట్ అక్క
ఆలస్యంగా చూశాను. కోడింగ్ క్వాలిటీలో పనిచేస్తాను. చెల్లీ, నీ సమస్యకి మా దగ్గర కొంత పనిచేసింది ఒకటి చెప్తాను.

ఎయిర్‌పోర్టులో బ్యాగులు స్కాన్ చేసేవాళ్ల స్క్రీన్ మీద అప్పుడప్పుడూ ఉత్తుత్తి ఆయుధం బొమ్మ వేస్తారు, మనిషి నిజంగా చూస్తున్నాడా లేదా తెలియడానికి. మేమూ అలాగే ఆడిట్ కోసం కొన్ని పాత చార్టుల్లో ఏఐ సజెషన్‌గా తప్పు కోడ్ పెట్టి క్యూలో కలిపాం. క్లయింట్‌కి వెళ్లేవాటిలో కాదు, టెస్ట్ క్యూలో. చెప్పే చేశాం, ఎవరికి ఎప్పుడు వస్తుందో మాత్రం చెప్పలేదు. "చాలా ఫాస్ట్, ఏమీ మార్చరు" అని పేరున్నవాళ్లలో కొందరు వాటినీ ఓకే కొట్టేశారు. ఎక్కువ మారుస్తుందని ఎస్కలేషన్‌లో ఉన్న అమ్మాయి దాదాపు అన్నీ పట్టుకుంది. ఆ రిపోర్టు చూశాక మేనేజర్ మాట మారింది. లెక్చర్ ఇచ్చి ఉంటే మారేవాడు కాదు.

ఫ్రెషర్ బాబూ, నీకు ఎవరూ సూటిగా చెప్పలేదు. ఎక్స్‌రే లాంటి సింపుల్ చార్టులు ఇప్పటికే మెషీన్‌కి పోతున్నాయి, వాటి మీద ఉద్యోగం దొరుకుతుందని ఆశ పెట్టుకోకు. సర్జరీ, ఇన్‌పేషెంట్, డినయల్స్ వైపు మనుషులు కావాలి. ఫీజు కట్టేముందు డెమో క్లాసుకి వెళ్లి, పూర్తి ఆపరేషన్ నోట్‌లు ఇచ్చి కోడ్ చేయిస్తారా అని అడుగు. మెటీరియల్ బట్టీ పట్టించి ఎగ్జామ్ పాస్ చేయించే చోటయితే వద్దు. నోట్ చదవడం రాకపోతే మెషీన్ తప్పుని ఎలా పట్టుకుంటావు?

అమీర్‌పేట ఫ్రెషర్
థాంక్యూ అక్కా. రేపు డెమో ఉంది, అడుగుతాను.

చార్ట్ చెల్లి
అక్కా, సోమవారం లీడ్‌తో మీటింగ్ ఉంది. ఆ రిపోర్టు ఫార్మాట్ ఏమైనా పంపగలరా?

ఆడిట్ అక్క
ఫార్మాట్ కంపెనీది, పంపకూడదు. కాలమ్‌లు చెప్తాను రాసుకో. సరైన సజెషన్‌ని ఒప్పుకున్నవి, సరైనదాన్ని అనవసరంగా మార్చినవి, తప్పుని పట్టుకున్నవి, తప్పుని వదిలేసినవి. నాలుగూ మనిషివారీగా. పక్కన ఇంకో కాలమ్, మార్చడానికి పట్టిన నిమిషాలు. టార్గెట్ గురించి మాట్లాడాల్సింది ఆ ఐదోది చూపించాకే, ముందు ఎత్తకు. క్యాన్సర్ కోడ్ స్క్రీన్‌షాట్‌లు మాత్రం పేషెంటు వివరాలు కనబడకుండా తీసుకెళ్లు.