చివరి సంవత్సరం ప్రాజెక్టు: నలుగురం పని ఎలా పంచుకోవాలి, బోటులో పరీక్ష ఎప్పుడు పెట్టుకోవాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మేము విశాఖపట్నంలో ఇంజనీరింగు చివరి సంవత్సరం చదువుతున్నాం. ఇద్దరం ఎలక్ట్రానిక్స్, ఒకరు కంప్యూటర్ సైన్స్, ఒకరు మెకానికల్. ఫిషింగ్ హార్బరు నుంచి వేటకు వెళ్లే మరబోట్లలో చేపలను ఐస్‌లో నిల్వ చేసే గది ఉష్ణోగ్రతను గంటగంటకూ నమోదు చేసి, బోటు ఒడ్డుకు చేరగానే ఫోనులో చూపించే పరికరం తయారుచేయాలనుకుంటున్నాం. సెన్సరు, సర్క్యూటు, యాప్, పెట్టె తలా ఒకటి తీసుకుని, మార్చిలో అన్నీ కలిపి, ఏప్రిల్ చివర బోటులో పరీక్షించాలన్నది మా ప్రణాళిక. ఇందులో లోపాలుంటే దయచేసి చెప్పండి.

మొదటి సమాధానం:
ముందుగా ఆ పరీక్ష తేదీని మార్చుకోండి బాబూ. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలమని మరబోట్ల వేటను నిషేధిస్తారు కాబట్టి మీరు వచ్చేసరికి బోట్లన్నీ జెట్టీకి కట్టేసి ఉంటాయి. అక్టోబరు, నవంబరు నెలలను కూడా నమ్ముకోవద్దు. తుఫాను హెచ్చరిక వస్తే వేట ఆగిపోతుంది (హుద్‌హుద్ తీరం దాటింది 2014 అక్టోబరు 12న). జనవరి, ఫిబ్రవరి మేలు. మాకు బోటు ఉంది కనుక ఇంకొక మాట చెబుతాను: కలాసీలు ఐస్‌ను పారతో తోసి చేపల మీద కప్పుతారు, వైరు వేలాడుతూ ఉంటే మొదటి రోజే తెగిపోతుంది.

రెండో సమాధానం:
తమ్ముడూ, మార్చిలో కలుపుదామనుకోవడం ఇంకా పెద్ద ప్రమాదం. మేమూ నలుగురం విడివిడిగా చేసుకుని, రివ్యూకు పది రోజుల ముందు కలిపాం. పరికరం సమయాన్ని యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) రాస్తుంటే, యాప్ దాన్ని మన కాలమానంగానే తీసుకోవడంతో, గ్రాఫు మొత్తం ఐదున్నర గంటలు వెనక్కి జరిగింది. తప్పు ఎక్కడుందో తేలడానికే నాలుగు రోజులు పట్టింది. సెప్టెంబరులోగా ఒక్క సెన్సరు, ఒక్క రీడింగు, అది ఫోనులో కనిపించడం, అంతవరకు నలుగురూ కలిసి పూర్తిచేయండి, ఆ తర్వాతే ఎవరి భాగాన్ని వారు మెరుగుపరచుకోండి. మీరు వాడే ఉష్ణోగ్రత సెన్సరు డీఎస్18బీ20 రకమైతే దాని రీడింగులో అర డిగ్రీ వరకు తేడా ఉండవచ్చు. నలగ్గొట్టిన ఐస్‌ను ఫ్లాస్కులో నింపి, కొద్దిగా మంచినీళ్లు పోసి, సెన్సరు అందులో ముంచితే సున్నా చూపాలి. ఎంత తేడా చూపితే అంత రాసిపెట్టుకుని కోడ్‌లో సరిచేయండి.

మూడో సమాధానం:
అధ్యాపకుడిగా ఒక్క విషయం. మీరు మూడు శాఖల వారు కనుక ఏ రివ్యూ ఎవరి ముందు జరగాలో ఇప్పుడే గైడ్‌ల చేత రాయించుకోండి. కోడ్‌ను గిట్‌లో (ఏ మార్పు ఎవరు చేశారో నమోదు చేసే సాధనం) ఎవరి ఖాతాతో వారే చేర్చండి. వైవాలో ఎవరేమి చేశారన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. వేట నిషేధం సంగతి మా నలుగురిలో ఒక్కరికీ తట్టలేదు. బోటు ఉందన్న అన్నగారూ, సంక్రాంతి తర్వాత మీ బోటు వేటకు వెళ్లేటప్పుడు మా పరికరం పెట్టడానికి వీలవుతుందా?

మొదటి సమాధానం రాసినవారు:
తప్పకుండా పెడదాం. అంతకంటే ముందు, దసరాలోగా, ఖాళీ పెట్టె ఒకటి తీసుకుని రండి. ఐస్ గదిలో పార తగలని చోటు ఎక్కడుందో కలాసీలనే అడిగి చూద్దాం.