కలయికలో నొప్పి: క్రీమ్ ముందా, డైలేటర్లు ముందా?

ప్రశ్న (మల్లెపొద):
నెలసరి ఆగి మూడేళ్లు దాటినావిడకి కలయిక మొదట్లోనే మంట, కోసినట్టు నొప్పి. లూబ్రికెంట్‌తో ఆ పూటకి కాస్త నయం, అంతే. ఒకరు ఈస్ట్రోజన్ హార్మోన్ క్రీమ్ అంటారు, ఒకరు డైలేటర్లు (యోని ద్వారాన్ని మెల్లగా అలవాటు చేసే, సైజుల వారీ కడ్డీలు), ఇంకొకరు కీగెల్ (కటి కండరాలు బిగించే వ్యాయామం). ఏది ముందు? ఎంత, ఎన్నాళ్లు?

జవాబు (తులసికోట):
ముందు నొప్పి ఎక్కడో తేల్చుకోవాలండీ. లోతుగా, పొత్తికడుపులో పోటులా వస్తే ఎండోమెట్రియోసిస్ (గర్భాశయం లోపలి పొరలాంటిది బయట పెరగడం), అండాశయంలో తిత్తి, ఇన్ఫెక్షన్ లాంటివి చూడాలి. అప్పుడు క్రీములతో కాలం గడపకూడదు, పరీక్ష, స్కానింగ్ చేయించాలి.

మీరన్నది యోని ద్వారం దగ్గరి నొప్పి. ఈ వయసులో ఎక్కువగా ఈస్ట్రోజన్ తగ్గి లోపలి పొర పలచబడటం వల్ల వస్తుంది. లూబ్రికెంట్ రాపిడిని తగ్గిస్తుందే గాని పొరను బాగుచేయదు. డాక్టర్లు మామూలుగా రాసేది 10 మైక్రోగ్రాముల ఎస్ట్రాడయోల్ యోని మాత్ర: రెండు వారాలు రోజూ రాత్రి, తర్వాత వారానికి రెండుసార్లు. ఎక్కువమంది పొరపాటు చేసేది ఇక్కడే. రెండు వారాలకి తేడా కనబడలేదని మానేస్తారు. పూర్తి ఫలితానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది, మానేస్తే పొడిదనం మళ్లీ వస్తుంది. క్రీమ్ అయితే లోపలే కాదు, వేలి కొసతో బఠాణీ గింజంత తీసి ద్వారం చుట్టూ కూడా రాయాలి, నొప్పి అక్కడే కదా. దాన్ని మాత్రం కలయికకు ముందు లూబ్రికెంట్‌లా వాడొద్దు, భాగస్వామి ఒంటికీ హార్మోన్ అంటుతుంది.

నెలసరి ఆగాక ఒక్క చుక్క రక్తం కనబడినా ముందు దాని సంగతి చూడాలి. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు ఆంకాలజిస్టును అడక్కుండా మొదలుపెట్టొద్దు.

జవాబు (పొగడచెట్టు, ఫిజియో):
క్రీముతో పొర కోలుకున్నా నొప్పి పోనివాళ్లుంటారు. నెలల తరబడి నొప్పి పడ్డాక కటి కండరాలు ముందే బిగుసుకోవడం నేర్చుకుంటాయి. అలా బిగిసినవాళ్లకు కీగెల్ చెప్పడమంటే పిడికిలి విప్పలేనివాణ్ణి ఇంకా గట్టిగా బిగించమనడమే. వీళ్లకు కావలసింది వదలడం: ముక్కుతో గాలి పీల్చేటప్పుడు కడుపు ఉబ్బి, మూత్రం వదిలేటప్పటిలా అడుగు భాగం జారాలి.

అది పట్టుబడ్డాకే డైలేటర్. చిటికెన వేలంత సన్నది తీసుకుని, లూబ్రికెంట్ బాగా రాసి, గాలి వదులుతూ నెమ్మదిగా పెట్టాలి. నిటారుగా కాకుండా వెన్ను అడుగు వైపు వంచి. 10 నిమిషాలు, వారానికి మూడు నాలుగు రోజులు. పదికి మూడు దాటి నొప్పి అనిపిస్తే ఆగి, కాస్త వెనక్కి తీసి, ఊపిరి చూసుకోవాలి. పెట్టినప్పుడు ఏ ఇబ్బందీ లేకుండా వరుసగా కొన్నిసార్లు గడిచాకే తర్వాతి సైజు. ఒక సైజు దాటేసి దూకినవాళ్లే మళ్లీ మొదటికొస్తారు. సిలికాన్ డైలేటర్‌కి సిలికాన్ లూబ్రికెంట్ వాడితే దాని పైభాగం పాడవుతుంది, నీళ్లతో చేసినది వాడండి.

కాబట్టి మీ ప్రశ్నకి: క్రీమ్ ముందు, నాలుగైదు వారాల తర్వాత డైలేటర్లు. పలచటి పొర మీద డైలేటర్ పెడితే గీరుకుని మంట పెరుగుతుంది.

జవాబు (గన్నేరు):
లూబ్రికెంట్ డబ్బా వెనక గ్లిసరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్ ముందు వరుసలో ఉంటే అదే మంటకి కారణం కావచ్చు. ద్రవంలో ఇలాంటివి మరీ ఎక్కువగా కరిగి ఉంటే అది పొరలోని నీటిని లాగేస్తుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ గాఢతకి (ఆస్మోలాలిటీ అంటారు) 1200 పరిమితి పెట్టింది. సబ్బులు, సువాసన వాష్‌లు మానేయండి, మామూలు నీళ్లు చాలు. కండోమ్ వాడేవాళ్లు నూనె జోలికి పోవద్దు, లేటెక్స్ చిరుగుతుంది.

మల్లెపొద:
క్రీమ్ రాస్తేనే భగ్గుమంటే?

తులసికోట:
క్రీమ్‌లోని బేస్ పడకపోవచ్చు, డాక్టరునడిగి మాత్రకి మారండి. కానీ రాత్రుళ్లు దురద, ద్వారం చుట్టూ తెల్లటి మచ్చలు, ముడతలు పడ్డ చర్మం కనబడితే అది లైకెన్ స్క్లీరోసస్ అనే చర్మవ్యాధి కావచ్చు. దానికి ఈస్ట్రోజన్ కాదు, క్లోబెటసోల్ అనే స్టెరాయిడ్ పూత కావాలి. అద్దం పెట్టి ఒకసారి చూసుకుని వెళ్లి చూపించండి.