నాన్నగారి మోచేతి మీద నిమ్మకాయంత వాపు

ప్రశ్న: నాన్నగారికి 62 ఏళ్లు, కిరాణా కొట్టు. రోజంతా గల్లాపెట్టె మీద ఎడమ మోచెయ్యి ఆనించి లెక్కలు రాస్తారు. పది రోజులుగా మోచేతి కొన మీద వాపు. తాకితే నీళ్ల సంచిలా కదులుతోంది, నొప్పి లేదు. సూదితో గుచ్చి నీరు తీసేద్దామంటున్నారు పక్కింటాయన. నాకు భయంగా ఉంది. ఇది ఎందుకు వస్తుందండీ?

జవాబు: గుచ్చనివ్వకండి! చర్మానికీ ఎముకకూ మధ్య ఒరిపిడి తగ్గించే పల్చటి తిత్తి ఉంటుంది, బర్సా అంటారు. అదేపనిగా ఒత్తిడి పడితే అందులో నీరు చేరుతుంది. ఇంట్లో సూది గుచ్చితే క్రిములు చేరి చీము పట్టవచ్చు.

మరో జవాబు: ఎర్రబడినా, వేడిగా ఉన్నా, జ్వరం వచ్చినా ఆ రోజే డాక్టరుకు చూపించండి. గౌట్ (యూరిక్ ఆమ్లం పేరుకుని కీళ్లు, ముఖ్యంగా కాలి బొటనవేలు, వాచే జబ్బు) ఉన్నవారికీ ఇలా వాస్తుంది. యూరిక్ ఆమ్లం పరీక్ష గురించి అడగండి.

అడిగినవారు: కిందటేడాది నాన్నగారి కాలి బొటనవేలు రాత్రికి రాత్రే వాచింది. రెండింటికీ సంబంధం ఉండవచ్చని తట్టనే లేదు. రేపే తీసుకెళ్తాను. గల్లాపెట్టె మీద ఇప్పుడే దుప్పటి మడిచి పరిచాను.